ఇంకా ఇరవై లాకులు

లిన్‌షోపింగ్,
16 జూన్ 1988

హోల్గెర్‌కి,

ఈ ఉత్తరం బోరెన్స్‌బెర్గ్ రేవు ఆఫీసులో నీకోసం ఉంచమని కవరు మీద రాస్తున్నాను. అక్కడిదాకా ఒక్కడివే అయినా వస్తావని నాకు తెలుసు. పెళ్ళాం దిగిపోయిందని పడవ వెనక్కి తిప్పే మనిషివి కావు నువ్వు.

నేను మా చెల్లెలు గున్వర్ ఇంట్లో ఉన్నాను. దగ్గు పట్టుకుంది. అంతకుమించి ఏం లేదు, బానే ఉన్నాను.

మొన్న బెర్గ్‌లో ఏం జరిగిందో నీకు రాతలోనే చెప్పాలి. నోటితో చెబితే మధ్యలోనే అరుస్తావు.

ఏడు లాకులు, మెట్లలాగా ఒకదాని మీద ఒకటి. నాలుగోదాంట్లో ఉన్నాం. నేను గట్టు మీద ముందు తాడు పట్టుకుని ఉన్నాను, నువ్వు చుక్కాని దగ్గరున్నావు. నీళ్ళు వదిలారు. పడవ పైకి లేచేకొద్దీ తాడు లాగుతూ ఉండాలి. నాకు తెలియదా? అప్పటికి పదిహేను లాకులు లాగి వచ్చినదాన్నే. "లాగవే! లాగు! కళ్ళున్నాయా లేవా నీకు? తాడు వేలాడుతోంది!" అని అరిచావు. తాడు వేలాడలేదు హోల్గెర్. బిగుసుకునే ఉంది. గట్టు మీద ఐస్‌క్రీం తింటున్న జనం నవ్వారు. నీ మాట విని ఇంకా గట్టిగా లాగబోయాను. రాయి మీద నాచు ఉంది. కాలు జారింది.

గోడకీ పడవకీ మధ్య మూరెడు సందు. అందులో పడ్డాను. ఎర్రటోపీ పెట్టుకున్న డెన్మార్క్ ఆయనెవరో కొక్కెం కర్రతో నా జాకెట్ పట్టుకుని ఇనుప నిచ్చెన దాకా లాగాడు. ఎక్కి వచ్చాను. వచ్చి నీ కోసం చూశాను. నువ్వు పడవ మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాచి, పక్క పలకల్ని తడుముతున్నావు. గీత పడిందేమోనని! పెళ్ళాం నీళ్ళలో పడితే నువ్వు చెక్క నిమురుతున్నావు.

నా వైపు తిరిగాక నీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "తాడెక్కడ?"

తాడు తెచ్చి కట్టాను. మిగిలిన మూడు లాకులూ తడిబట్టల్తోనే దాటించాను. పైకొచ్చాక బట్టలు మార్చుకుని, సంచీ తీసుకుని నీ ముందునుంచే దిగి బస్సెక్కాను. ఎక్కడికని కూడా అడగలేదు నువ్వు.

నీ రక్తపోటు మాత్రలు పొయ్యి కింది సొరుగులో ఉన్నాయి. పొద్దున ఒకటి. మర్చిపోకు.

డాగ్నీ


బోరెన్స్‌బెర్గ్,
25 జూన్

డాగ్నీ,

ఉత్తరం అందింది. మాత్రలు వేసుకుంటున్నాను.

పడవకి ఏం కాలేదు. రెండు పలకల దగ్గర రంగు పోయింది, అంతే. హేడా లాకులో ఓ జర్మన్ జంట సాయం చేశారు. ఆవిడ తాడు పట్టుకుంది. వాళ్ళాయన కూడా ఆవిడ మీద అరుస్తూనే ఉన్నాడు. ఆవిడేమీ బస్సెక్కి పోలేదు.

లాకులో అరవకుండా ఎవడుంటాడే? నీళ్ళు హోరెత్తుతుంటే ఇంజను మోతలో చెవిలో చెప్పమంటావా? ఇనుము కార్ఖానాలో ముప్పయ్యారేళ్ళు క్రేను నడిపాను. అరవకపోతే కింద మనిషి చస్తాడు. అలవాటు. నీకు తెలియంది కాదు.

చెక్క నిమరడం సంగతి. ఎవరికి తోచినట్టు వాళ్ళు అనుకోవచ్చు. నేను సంజాయిషీ చెప్పను.

నిన్న మిడ్‌సమ్మర్ పండగ. పూలస్తంభం చుట్టూ ఊరంతా ఆడారు. నేను పడవలోనే కొత్త బంగాళాదుంపలు ఉడకేసుకున్నాను, ఊరేసిన చేపతో తిన్నాను. గిన్నె దించాక చూస్తే ఇద్దరికి సరిపడా వండాను. మిగిలినవి ఇవాళ తిన్నాను. రేపటికి కూడా ఉన్నాయి.

మళ్ళీ రాస్తే కార్ల్స్‌బోర్గ్‌కి రాయి. వెట్టెర్న్ సరస్సు దాటి అక్కడికి చేరతాను.

హోల్గెర్


లిన్‌షోపింగ్,
2 జూలై

హోల్గెర్‌కి,

నీ ఉత్తరం చూసి గున్వర్ నవ్వింది. "మీ ఆయన మళ్ళీ ఒకటో తరగతిలో చేరాడా అక్కా?" అంది. పేజీకి ఆరు వరుసలేమిటి? అంతంత అక్షరాలేమిటి? కోపం వస్తే అక్షరాలు పెద్దవవుతాయా? నా కోపమైతే చూడు, ఎంత సన్నగా రాస్తున్నానో. ఒక్క కాగితంలో అంతా పట్టాలి, రెండోది వాడేంత విలువ నీకు లేదు.

వెట్టెర్న్ ఒక్కడివే దాటతానని రాశావు. ఉదయం అద్దంలా ఉండి మధ్యాహ్నానికి గుర్రాల్లా ఎగిరే నీళ్ళవి. ఎందుకీ మొండితనం? మేలోనే అడిగాను. వచ్చే ఏడాది వెళ్దాం, నా మోకాలు నయమయ్యాక నెమ్మదిగా వెళ్దాం అన్నాను. "ఈ వేసవే, కాకపోతే ఎప్పటికీ లేదు" అన్నావు. ఏం ముంచుకొచ్చిందని?

నీతో చెప్పాల్సింది అరుపుల గురించి కాదు. అరుపులకి నేను ఏనాడో అలవాటు పడ్డాను. ఇది ఎలా రాయాలో తెలియక మూడు రోజులు పెన్ను పట్టుకుని కూచున్నాను.

ఈ చలికాలం నుంచీ నువ్వు నా మొహంలోకి చూడటం మానేశావు. మాట్లాడేటప్పుడు నా చెవి పక్కకి, భుజం మీదకి చూస్తావు. మొదట్లో వెనకాల ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూసేదాన్ని. తర్వాత అద్దంలో చూసుకున్నాను. అరవయ్యారేళ్ళ ఆడది ఎలా ఉంటుందో అలాగే ఉన్నాను. అంత చూడలేనంత వికారంగా ఉన్నానా? పడవలో మన రెండు పడకల మధ్య జానెడు దూరం. ఆ జానెడూ దాటి నీ చెయ్యి ఇటు వచ్చి ఎన్నాళ్ళయిందో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. ఇద్దరం రోజంతా పన్నెండడుగుల గదిలో తిరుగుతూ, నేను ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. ఇక్కడ గున్వర్ ఇంట్లో నువ్వు లేవు, నిజంగానే ఒక్కదాన్ని. ఇదే నయంగా ఉంది. అబద్ధం లేదు కదా.

నిన్న ఇక్కడే ఒంటిగది ఇల్లొకటి చూశాను. కిటికీలోంచి బర్చ్ చెట్టు కనిపిస్తుంది. అక్టోబరు నుంచి ఖాళీ. నేను ఇంకా ఔననలేదు, కాదనలేదు. ఊక్సెలోసుండ్‌లో మన ఇంట్లో నువ్వుండు, నీకు సముద్రం కనబడాలి. నాకు చెట్టు చాలు.

డాగ్నీ


ఫోర్స్‌విక్,
17 జూలై

ప్రియమైన డాగ్నీకి,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను క్షేమం. వెట్టెర్న్ సరస్సు సురక్షితంగా దాటాను. వాతావరణం అనుకూలించింది. దక్షిణపు గాలి నిలకడగా వీచడంతో తెరచాప మీదే వచ్చాను. తొమ్మిది గంటలు పట్టింది. నీ ఉత్తరం కార్ల్స్‌బోర్గ్ నుంచి ఇక్కడికి పంపారు.

ప్రస్తుతం ఫోర్స్‌విక్ లాకు దగ్గర ఆగి ఉన్నాను. పడవకి చిన్న మరమ్మతు ఉంది. ఇక్కడ ప్రదేశం ప్రశాంతంగా ఉంది. భోజనానికి ఇబ్బంది లేదు.

నీ ఉత్తరంలోని విషయాల గురించి ఆలోచిస్తున్నాను. ఇంటి విషయంలో తొందరపడవద్దని కోరుతున్నాను.

హోల్గెర్


లిన్‌షోపింగ్,
21 జూలై

హోల్గెర్,

ఎవరు రాశారు ఈ ఉత్తరం?

నలభై ఏళ్ళలో నువ్వు నన్ను 'ప్రియమైన' అని రాసింది లేదు. 'వాతావరణం అనుకూలించింది' అనే మాట నీ నోట్లో పుట్టదు. నీకు గాలి బాగుంటే 'గాలి పనికొచ్చింది' అంటావు. ఆ చేతిరాత ఆఫీసులో రిజిస్టర్లు రాసే మనిషిది. సంతకం ఒక్కటే నీది. అదీ గీత మీద లేదు, గీతకి రెండు వేళ్ళ కింద ఉంది.

చేతికేమైంది? పడ్డావా? తొమ్మిది గంటలెందుకు పట్టింది? మంచి గాలికి ఆరు గంటల దారి అది. చిన్న మరమ్మతంటే ఏమిటి?

ఒకవేళ వేరే ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, అయ్యా, మీరెవరో నాకు తెలియదు, ఆయనకి ఏమైందో రెండు ముక్కలు రాయండి. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పాతికేళ్ళు పనిచేశాను. మనుషులు చెప్పనిది వినడమే నా ఉద్యోగం. నాకు అబద్ధం చెప్పడం తేలిక కాదు.

డాగ్నీ


ఫోర్స్‌విక్ లాకు,
25 జూలై

డాగ్నీ గారికి,

నమస్కారం. నా పేరు ఎవెర్ట్. ఫోర్స్‌విక్‌లో లాకు తెరిచి మూసే పని ఇరవై రెండేళ్ళుగా నాది. గతవారం ఉత్తరం రాసింది నేనే. 'ప్రియమైన' నా సొంత కవిత్వం. క్షమించండి. ఉత్తరాలు అలాగే మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది.

మీ ఆయన చేతులు బాగానే ఉన్నాయి. పోతున్నది కళ్ళు.

ఈ నెల పన్నెండో తారీకున మీ పడవ 'తేర్నా' ఇటు రావడం చూశాను. గేట్లు బార్లా తెరిచి ఉన్నాయి, పచ్చదీపం వెలుగుతోంది. ఆయన నేరుగా ఎడమవైపు రాతిగోడ మీదికి వచ్చాడు. "కుడికి! కుడికి!" అని అరిచాను. చివరి నిమిషంలో తిప్పాడు. ముందు కమ్మీ వంగింది, మనిషికి దెబ్బ తగల్లేదు. పడవ కట్టాక దగ్గరికి వెళ్ళి నా టోపీ తీసి చేతిలో పట్టుకుని "నా చేతిలో ఏముంది?" అని అడిగాను. "నన్ను బడిపిల్లాణ్ణి చేస్తున్నావా?" అని మండిపడ్డాడు. కానీ అది టోపీ అని చెప్పలేకపోయాడు.

ఆ రోజే చెప్పేశాను, "నువ్వొక్కడివే వస్తే నేను గేటు తెరవను" అని. రోజూ పొద్దున వచ్చి నన్ను తిడతాడు. తర్వాత ఇద్దరం కాఫీ తాగుతాం. నాకు భార్య లేదు, పోయి ఏడేళ్ళయింది. అంచేత నాకూ ఈ తిట్లు బానే ఉన్నాయి, ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇక చెప్పాల్సిన మాట. బోరెన్స్‌బెర్గ్‌లో అందిన మీ మొదటి ఉత్తరం ఆయన భూతద్దంతో రెండు రోజులు పట్టి చదువుకున్నాడట. రెండోది సన్నక్షరాలు. చదవలేకపోయాడు. నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగి, చివరికి నా చేతికిచ్చాడు. నేను చదివాను. సగంలో ఆపి "ఇది నేను చదవాల్సింది కాదు" అన్నాను. "చదువు. ఇంకెవరు చదువుతారు?" అన్నాడు. మీరు రాసిందంతా విన్నాను. తలెత్తుకోలేక రాస్తున్నాను.

కింద ఉన్నది ఆయన చెప్పింది. ఈసారి ఒక్క మాట మార్చలేదు.

*

డాగ్నీ, వీడు నేను చెప్పిందల్లా రాస్తానంటున్నాడు. రాయనీ.

ఫిబ్రవరిలో నేను నూషోపింగ్ వెళ్ళింది దంతాల డాక్టరు దగ్గరికి కాదు. కళ్ళ డాక్టరు దగ్గరికి. కంటి నడిమధ్య చెడిపోయిందట, మందు లేదట. అంచులు మిగులుతాయి, మధ్యది పోతుంది. ఏడాదో ఏడాదిన్నరో, తర్వాత చదవడం, పడవ నడపడం ఏవీ కుదరవు అన్నాడు. అందుకే ఈ వేసవే అన్నాను. నీకు చెబితే ఒడ్డు కదలనిచ్చేదానివి కాదు. ఔనా కాదా?

ఇప్పుడెలా ఉంటుందంటే, దేన్ని చూస్తే అదే మాయమవుతుంది. నీ మొహం వైపు చూస్తే జుట్టు కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి, కాలరు కనిపిస్తుంది. మధ్యలో మొహం ఉండదు. బూడిదరంగు మరక ఉంటుంది. నీ చెవి పక్కకి చూస్తే మాత్రం ఓ మూల నుంచి నీ మొహం కొంచెం దొరుకుతుంది. నేను నీ మీంచి చూపు తిప్పుకోలేదే పిచ్చిదానా. నిన్ను చూడటానికే పక్కకి చూశాను.

ఆ జానెడు సంగతి… ఎవెర్ట్, ఇది రాయకు. రాస్తున్నావా? సరే రాయి. ఆ జానెడు సంగతి ఏమిటంటే, దగ్గరికొస్తే పట్టుబడిపోతానని భయం. నీకు అన్నీ తెలిసిపోతాయి.

బెర్గ్‌లో. తాడు బిగుసుకుందో లేదో నాకు కనబడలేదు. కనబడక అరిచాను. నీళ్ళలో ఏదో పడిన చప్పుడైంది, పక్కకి కట్టిన రబ్బరు బుడగ ఊడిందనుకున్నాను. తర్వాత జనం "ఆడమనిషి పడింది" అని కేకలేశారు. నీళ్ళలోకి చూశాను. ఎక్కడ చూస్తే అక్కడ మరకే. గోడకీ పడవకీ మధ్య నలిగిపోతున్నావేమోనని బోర్లా పడుకుని చేత్తో వెతికాను. నేను తడిమింది చెక్కని కాదు డాగ్నీ. నీ కోసం వెతికాను. జుట్టో జాకెట్టో చేతికి తగులుతుందేమోనని. నువ్వప్పటికే పైకొచ్చి నా వెనక నిలబడి ఉన్నావని నాకేం తెలుసు? నీ బూట్లలోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు విని తిరిగాను. బతికే ఉన్నావు. నా నోట వచ్చిన మాట 'తాడెక్కడ'. ఆ మాట తల్చుకుని ఇప్పటికీ చెంపలేసుకుంటున్నాను.

నువ్వు ఒక్క కేక వేసుంటే బావుండేది. ఒక్కసారి 'హోల్గెర్' అనుంటే చాలు, గొంతు వచ్చిన వైపు దూకేవాణ్ణి. కానీ నువ్వు పిలవవు కదా. పన్ను పుచ్చి చెంప వాచినా మూడు రోజులు చెప్పని మొండిదానివి. ఆ మొండితనమే నిన్ను చంపేసేది ఆ రోజు.

వెట్టెర్న్ దాటాను గానీ ఎలా దాటానో అడగకు. కొంత దూరం ఎండ వెచ్చదనం ఏ చెంప మీద పడుతోందో చూసుకుని నడిపాను. తర్వాత మబ్బు పట్టింది. అప్పుడు భయమేసింది. నలభై ఏళ్ళలో మొదటిసారి, పడవలో ఒక్కణ్ణే ఉన్నానని భయమేసింది.

ఇక్కణ్ణుంచి కాలవ చివరనున్న షోటోర్ప్‌కి ఇంకా ఇరవై లాకులు. అన్నీ దిగేవే. సెప్టెంబరు మొదటివారంలో కాలవ మూసేస్తారు. రమ్మని అడగను. ఆ బర్చ్ చెట్టు ఇల్లు మంచిదైతే తీసుకో.

హోల్గెర్


లిన్‌షోపింగ్,
30 జూలై

ఎవెర్ట్ గారికి,

మీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ముందు మీ మీద కోపమొచ్చింది. నా పడక గురించి నేను మా ఆయనకి రాసుకున్న మాటల్ని ఓ లాకు మనిషి బిగ్గరగా చదివాడంటే చెవులు కాలిపోయాయి. రెండో రోజు నా మీద కోపమొచ్చింది. పాతికేళ్ళు ఊరందరి గొంతులూ విన్నదాన్ని, ఇంట్లో మనిషి రోజూ గుమ్మం తడుముకుంటుంటే వినలేదు. మూడో రోజు ఆయన మీద. ఇవాళ ఎవరి మీదా లేదు. బట్టలు సర్దుకుంటున్నాను.

గేటు తెరవనన్నందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆయన ఎంత తిట్టినా తెరవకండి.

కింది నాలుగు మాటలు ఆయనకి చదివి వినిపించండి. మీరు కూడా వినవచ్చు, దాచేది ఇంకేం మిగల్లేదు.

హోల్గెర్, గురువారం మధ్యాహ్నం బస్సుకి కార్ల్స్‌బోర్గ్ వస్తున్నాను. క్షమించానని అనుకోకు. కళ్ళు పోతున్నందుకు కోపం లేదు. ఆరు నెలలు నన్ను వికారపుదాన్నని అనుకోనిచ్చావే, అందుకు ఉంది. అది పోవడానికి టైం పడుతుంది. పడవ నేను నడుపుతాను. తాడు నువ్వు పట్టుకుంటావు. చేతులకి కళ్ళక్కర్లేదు. అరవడం నా వంతు. ఒప్పుకుంటే ఆ పొయ్యి కడిగి ఉంచు. నువ్వు దాన్ని ఏ స్థితిలో పెట్టుంటావో నాకు తెలుసు.

ఇల్లు వద్దని ఆ ఇంటావిడకి ఇంకా చెప్పలేదు. వచ్చే నెలాఖరు దాకా గడువుంది.

డాగ్నీ


ఊక్సెలోసుండ్,
20 నవంబరు

ఎవెర్ట్ గారికి,

మీరు పంపిన పొగబెట్టిన చేప అందింది. ఆయన ఒక్కపూటలో సగం తినేశాడు. ఇంతకాలం రాయనందుకు మన్నించండి. అక్కడినుంచి మీ గేటు దాటించి పంపాక ఏమైందో మీకు చెప్పాల్సిన బాకీ ఉంది.

పన్నెండు రోజులు పట్టింది, ఇరవై లాకులకి. జనం రెండు రోజుల్లో పోతారు. మేం రోజుకి ఒకటో రెండో. టోటోర్ప్‌లో చేత్తో తిప్పే గేటు ఉంది కదా, దాన్ని ఆయనే తిప్పాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నేను చుక్కాని పట్టుకుంటే పడవ మొదటి రోజు తాగినవాడిలా నడిచింది. రెల్లులోకి రెండుసార్లు దూరాను. ఆయన ముందు కూచుని, నీళ్ళ చప్పుడు విని "ఒడ్డు దగ్గరైంది, అటు తిప్పు" అనేవాడు. అది మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

హైస్టోర్ప్‌లో పెద్ద గొడవైంది. తాడు వదులుతూ రమ్మంటే బిగించి పట్టుకున్నాడు, నీళ్ళు దిగిపోతుంటే పడవ ఓ వైపుకి వేలాడింది. నేను అరిచాను. ఏమని అరిచానో రాయను, గట్టు మీద ఓ పాదిరీ గారు నిలబడి ఉన్నారు. హోల్గెర్ తాడు వదిలాడు. మర్నాడు పొద్దున కాఫీ పోసిస్తూ, "నీ గొంతు అంత పెద్దదని తెలియదు" అన్నాడు. నాకూ తెలియదు.

షోటోర్ప్‌లో వేనెర్న్ సరస్సు కనబడింది. కనబడింది అన్నాను, నాకే. "ఎలా ఉంది?" అని అడిగాడు. అవతలి ఒడ్డు లేదన్నాను. చాలాసేపు అటే మొహం పెట్టి నిలబడ్డాడు. 'తేర్నా'ని అక్కడే ఒడ్డుకెక్కించాం. షోవ్డె నుంచి ఓ స్కూలు టీచరు, వాళ్ళాయన వచ్చి కొనుక్కున్నారు. ఆ అమ్మాయి తాడు ఎలా చుట్టాలని అడిగితే హోల్గెర్ పూట పొడుగునా చూపించాడు.

ఇంటికొచ్చాం. లిన్‌షోపింగ్ ఇల్లు వద్దని రాసేశాను. ఇది త్యాగమేమీ కాదు, అలా అనుకోకండి. చాలారోజులు ఆలోచించాను.

ఇప్పుడు మా రోజులు ఎలా ఉన్నాయంటే, పొద్దున పేపరు చదివి వినిపిస్తాను. వింటున్నాడో లేదో తెలియదు. పదింటికి కోటు వేసుకుని రేవుకి పోతాడు, అడుగులు లెక్కపెట్టుకుంటూ. తోడు వస్తానంటే వద్దంటాడు. కిటికీలోంచి చూస్తుంటాను. రేవు చివర ఉన్న బల్ల మీద కూచుంటాడు. ఒక్కోసారి వానలో కూడా. వచ్చాక తడిసిన కోటు ఆరేస్తాను. మొహంలో మొహం పెట్టి కూచుంటాం, ఇప్పుడు ఇద్దరికీ తెలుసు మధ్యలో ఏముందో. తెలిసినంత మాత్రాన అది పోదు. అంచులు కూడా చిన్నవవుతున్నాయట. పోయినవారం నా చెవి పక్కకి చూడటం కూడా మానేశాడు. మామూలుగా, నేరుగా నా వైపు చూస్తున్నాడు. ఎంత కష్టంగా ఉందో చెప్పలేను.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఇంకెవరితోనూ చెప్పలేను. గున్వర్‌తో అసలే చెప్పలేను.

పోయిన ఆదివారం పక్కింటి వాళ్ళు కాఫీకి వచ్చారు. వేసవి ప్రయాణం గురించి అడిగారు. హోల్గెర్ చాన్నాళ్ళకి ఉత్సాహంగా మాట్లాడాడు. బెర్గ్ సంగతి చెప్పాడు, నవ్వుతూ. "మా ఆవిడ మొండితనం మీకు తెలియదు. లాకులో పడింది. నీళ్ళు పైకి తన్నుకొస్తున్నాయి. అయినా నోరు విప్పిందా? ఒక్క కేక వేస్తే ఒట్టు!" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వు ఆపి, అడిగాడు: "నిజంగా పిలవలేదు కదూ డాగ్నీ?"

ఎవెర్ట్ గారూ, నేను పిలిచాను. నీళ్ళలో పడగానే పిలిచాను. జాకెట్ బరువెక్కి కిందికి లాగుతుంటే గోడ రాయి పట్టుకుని, మళ్ళీ ఇంకా గట్టిగా పిలిచాను. పేరు పెట్టి. తలుపుల్లోంచి నీళ్ళు వచ్చే హోరు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఆ పైన ఇంజను. ఆయనకి వినపడలేదు. జూన్‌లో బస్సెక్కినప్పుడు నా కడుపులో రగిలింది అదే. చెక్క నిమిరినందుకు కాదు. పిలిస్తే పలకలేదని. అది ఆ మొదటి ఉత్తరంలో రాయలేకపోయాను, రాస్తే ఏడుస్తానని.

ఇప్పుడు ఆయన కాఫీ కప్పు పట్టుకుని జవాబు కోసం చూస్తున్నాడు. ఆయనకి ఇంక మిగిలింది చెవులే. నీళ్ళ చప్పుడు విని ఒడ్డెంత దూరమో చెప్పే చెవులు. వాటి మీదే రేవుదాకా వెళ్ళి వస్తున్నాడు.

"పిలవలేదు. అంతమంది ముందు అరవడానికి సిగ్గేసింది" అన్నాను.

"చూశారా!" అని ఆయన మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను. వెళ్ళి కాఫీ ఇంకాస్త తెచ్చి అందరికీ పోశాను.

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసేయండి. మీరు తిరిగి రాసేటప్పుడు చేప గురించి, మంచు గురించి రాయండి. నేను ఆయనకి చదివి వినిపించాలి.

డాగ్నీ